లుకియ దేశపు మాట

నంద్యాల లైబ్రరీలో పాత వారపత్రికలు పేర్చిన బల్ల ముందు కూర్చుని, లూదియా తన పేరును ఒక పటంలో చూసింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. పేరు ఎక్కడికీ పోలేదు. ఇప్పటి టర్కీ దేశంలో, పడమటి సముద్రానికి కాస్త ఇవతల, ‘లూదియ’ అని అచ్చేసి ఉంది. జుట్టంతా నెరిసిపోయాక తాను ఒక దేశమని తెలియడం ఆమెకు భలే నవ్వు తెప్పించింది. పక్కన పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తి చూస్తే, దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ పేరుకు దిగువన, సముద్రపు ఒడ్డున ఇంకో పేరు ఉంది. లుకియ. దాన్ని ఆమె చర్చిలో విని ఉంది. పౌలు ఎక్కిన ఓడ ఆగిన రేవు ఆ దేశంలోనిదే. తెలిసినవాళ్ల ఊరి పేరు బస్సు బోర్డు మీద కనిపించినట్టయింది. కుర్చీ ముందుకు జరుపుకుని, వేలు వరస కింద ఆనించి చదవడం మొదలుపెట్టింది. ప్రసూతి వార్డులో ఆయాగా చేసిన రోజుల్లో, మందుల డబ్బాలకు చుట్టి వచ్చిన కాగితాలు చదివి చదివి పట్టుకున్న చదువు అది. వేలు లేకపోతే ఇప్పటికీ వరస తప్పుతుంది.

లుకియ వాళ్లు కొండ చరియల్ని తొలిచి, అచ్చం ఇళ్లలాగే గుమ్మాలూ దూలాలూ చెక్కి సమాధులు చేసుకునేవారట. బతికుండగానే చేయించుకుని, గుమ్మం మీద రాయించుకునేవారట: ఈ కట్టడం ఫలానావాడు కట్టాడు, తన భార్యకూ, తన తిదెయ్మిలకూ అని. తిదెయ్మి అంటే బిడ్డ. అయితే ఆ మాట లోపల ఇంకో మాట ఉందని వ్యాసం రాసినాయన అంటున్నాడు. లుకియ భాషకు అక్క వరసయ్యే మరో పాత భాషలో దాదాపు ఇదే మాట చంటిబిడ్డకు ఉందట. దాని మొదలు చన్ను అనే మాట దగ్గర ఉందట. విడదీసి చూస్తే ‘పాలు పట్టించుకున్న బిడ్డ’ అని అర్థం వస్తుందట.

కన్న బిడ్డ అని లేదు. రక్తం ఊసు లేదు. పాలు.

లూదియా వేలు ఆ వరస కింద చాలాసేపు కదలలేదు. తరవాత పత్రికను ఎక్కడ తీసిందో అక్కడే పెట్టి, మాట మరిచిపోతానేమో అన్న భయంతో దాన్ని పెదవుల మీద తిప్పుకుంటూ బయటికొచ్చింది. రోడ్డు మీద ఆటో ఆపి ఎక్కి కూర్చుంటే డ్రైవరు “యాడికమ్మా?” అన్నాడు. “తిదెయ్మి” అంది ఆమె పరధ్యానంగా.

“ఆ ఊరికి ఈడినుంచి ఆటోలు పోవు మ్మా. బస్టాండుకు పోవాల.”

సాయంత్రం పెద్ద కొడుకు తిమోతి ఇంటికొచ్చాడు. లైన్‌మన్ పని, రోజంతా స్తంభాలెక్కి దిగిన కాళ్లు పెరట్లో కడుక్కుంటున్నాడు. ఆమె తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడింది. అలా నిలబడిందంటే ఏదో అడగబోతోందని అతనికి తెలుసు.

వచ్చే శనివారం వాళ్ల కొత్తింటి ప్రతిష్ఠ. వాళ్ల సంఘంలో ఒక పద్ధతి ఉంది. గుమ్మం పక్క గోడలో ఒక రాయి పెడతారు. ఇల్లు ఎవరు కట్టారో, ఎవరి కోసం కట్టారో దాని మీద చెక్కి ఉంటుంది. పాస్టరు ఆ రాయి చదివాక, రాతి మీద ఉన్నవాళ్లు ముందుగా గడప దాటాలి. మిగిలిన బంధువులూ వీధివాళ్లూ ఆ తరవాతే. తిమోతి ఆళ్లగడ్డ శిల్పికి రాయి చెప్పి పెట్టాడు. అందులో తన పేరుంది, తమ్ముడు రూబెన్ పేరుంది, తల్లి పేరుంది. అమ్మా అని పిలుస్తూ ఇంటికి వచ్చిపోయే భ్రమరాంబిక పేరు లేదు.

“మళ్లీ అదే మాటనా మ్మా?” అన్నాడు తిమోతి తువ్వాలు అందుకుంటూ. “ఆమె పరాయిదని నేనంటినా? పండక్కి చీర పెడ్తాండాం. వచ్చిందంటే నా మంచం ఇచ్చి నేను కింద పండుకుంటా. ఇంగేం జెయ్యాల?”

“గడప దాటేటప్పుడు ఆ బిడ్డ యాడ ఉండాల?”

“పొయ్యి కాడ. ఎప్పుడూ ఉండేది ఆడే గదా.”

అనేశాక ఆ మాట తనకే రుచించనట్టు ముఖం గట్టిగా రుద్దుకున్నాడు. “అది గాదు మ్మా. మా మామ దొర్నిపాడు నుంచి జీపు నిండా మనుషుల్ని తోలుకొస్తాండాడు. ముందుపోయే ఆమె ఎవరప్పా అంటే ఏమని చెప్పేది? చెల్లెలంటే, చెంచుల పిల్ల నీకెట్ల చెల్లెలాయె అంటాడు. ఊర్లో ఎవరికీ లేని వరస మనం యాడినుంచి తెచ్చేది?”

“లుకియ నుంచి” అంది లూదియా.

చదివిందంతా చెప్పింది. తిమోతి మొదట నవ్వాడు. తరవాత తడి కాళ్లతోనే అరుగు మీద కూర్చుని, ఆ మాటను మళ్లీ చెప్పమన్నాడు. తనూ ఒకసారి పలికి చూశాడు.

“ఈ మాట ఇంగెవరికీ తెలీదు గదా?”

“ఆ భాష మాట్లాడేటోళ్లు ఎప్పుడో అయిపోయినారంట నాయనా.”

“అయితే పెట్టుకుందాం లే” అన్నాడు. అతని ముఖం తేలికపడింది. “పేర్లు తీసేద్దాం. తల్లి లూదియాకు, ఆమె తిదెయ్మిలకు అని పెడితే సరి. రూబెన్ ఉన్నట్టూ ఉంటాడు, ఆమె ఉన్నట్టూ ఉంటాది. మామ అడిగినాడంటే బైబిలు వాక్యంలో మాటని చెప్తా. వాక్యమంటే ఆయప్ప రెండో మాట మాట్లాడడు.”

“మరి గడప?”

“ముందు రాయి కానీ మ్మా. నువ్వే పోయి ఆచారికి చెప్పిరా. నేను ఫోన్లో చెప్తే ఇంగేదో చెక్కుతాడు.”

మరునాడు పొద్దున్నే ఆమె ఆళ్లగడ్డ బస్సెక్కింది. శిరివెళ్ల దాటేదాకా స్టవ్ ఆర్పానా లేదా అని బెంగ. దాటాక, రాతి మీద ఆ మాట తప్పు పడితే ఏం చెయ్యాలని బెంగ. దిగి నడుస్తుంటే కోత మిషన్ల రొద చెవుల్లో పడింది. రోడ్డు పక్కన శిల్పాల షెడ్లు వరసగా ఉన్నాయి. తెల్లటి పొడి నేల మీదా, కొళాయి మీదా, టీ గ్లాసుల మీదా పేరుకుంది. ఇంకా కళ్లు తెరవని ఆంజనేయుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కొమ్ములు రాని నంది ఒకటి తడి గోనె కప్పుకుని నీడలో కూర్చుంది.

వీరాచారి నల్లరాతి పలకను నీళ్లతో కడుగుతున్నాడు. ఆమెను చూసి పీట జరిపాడు.

“కూర్చో పెద్దమ్మా. మాట మారుస్తామని నీ కొడుకు ఫోన్ జేసినాడు. జాజుతో గీసిన వరసంతా తుడిచేసినా. ఏందా మాట?”

ఆమె చెప్పింది. అతను ఎర్రజాజులో ముంచిన పుల్ల పట్టుకుని, రాయలేదు.

“దీనికి అర్థమేంది?”

“పాస్టరయ్యకే చెప్పలేదు గదప్పా. చెక్కేదానికి అర్థమెందుకు?”

“మా నాయన నేర్పిన పద్ధతి మ్మా. మాటను పైకి పలకాల. అర్థం తెలిసినాకనే ఉలి పెట్టాల. తెలీకుండా చెక్కితే నాకు చెయ్యి వంకర పోతాది. దేవుని బొమ్మ కానీ, దుకాణం బోర్డు కానీ, అంతే.”

లూదియా చుట్టూ చూసింది. కోత మిషను దగ్గరివాళ్లకు ఏమీ వినిపించదు. గొంతు తగ్గించింది.

“అప్పుడు నా చిన్నోడు రూబెన్ చంటోడు. నేను మళ్లీ డ్యూటీలో చేరింటి. ఆత్మకూరు పక్క అడవిలోనుంచి బయ్యమ్మ అని కాన్పుకొచ్చింది. బిడ్డ పుట్టినాక జ్వరం పట్టుకుని ఆమెకు తెలివి లేదు. బిడ్డ గుక్క పడ్తాంది. నాకేమో జాకెట్టు తడిసిపోతాంది. ఎవర్ని అడగాల? ఎత్తుకున్న, పెట్టుకున్న. ఆమెకు నయమయ్యేదాకా ఓ పక్క వాడు, ఓ పక్క ఈ పిల్ల.”

“ఆ తర్వాత?”

“ఏముంది. నయమయినాక బయ్యమ్మ బిడ్డనెత్తుకుని పోయింది. నేను రెండు పూటలు అన్నం తినలా. వార్డులో పని అంతే గదప్పా, వచ్చేటోళ్లంతా పోయేటోళ్లే.” ఆమె పెదవి కొరుక్కుని, మళ్లీ నవ్వింది. “అయితే ఆ బయ్యమ్మ గట్టిది. బిడ్డకు నడక రాంగానే తోలుకొచ్చింది. ‘నీ బిడ్డను సూపిద్దామని వచ్చినా’ అని నా ముందర నిలబెట్టింది. అప్పట్నుంచి రాకపోకలు ఆగలా. ఇప్పుడు ఆ పిల్ల ఆత్మకూరులో తేనె సొసైటీలో చేస్తాంది. భ్రమరాంబిక. నోటికి ముందూ వెనకా లేదు, బంగారం.”

వీరాచారి తలూపాడు. జాజు పుల్లతో అక్షరాలు గీశాడు. ఆమె చేత చదివించి, ఒక చోట తుడిచి మళ్లీ గీశాడు. తరవాత రాతి ముందు గొంతు సవరించుకుని, పద్యం అందుకునేవాడిలా పలికాడు. “తిదెయ్మి.”

“బాగా పలికినావు.”

“తప్పు పలికినా కొట్టేటోడు ఎవుడున్నాడు లే, అందరూ పోయినారంటివి గదా.”

ఇద్దరూ నవ్వుకున్నారు. అతను ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తట్టడం మొదలుపెట్టాడు. తలకట్టు దగ్గర చెయ్యి వేగంగా పోయింది. ‘తి’ మీది గుడి దగ్గర వేగం తగ్గించి, ఉలిని వేళ్ల మధ్య కొంచెం కొంచెం తిప్పుతూ, ఊపిరి బిగబట్టి గుండ్రం తీశాడు. పొడిని ఊది, బొటనవేలితో గాడి తడిమాడు. ఆమెనూ తడమమన్నాడు. రాతి లోపల మాట వెచ్చగా ఉంది.

“పెద్దమ్మా, ఒకటి చెప్తా” అన్నాడు ఉలి పక్కన పెట్టి. “అర్థం ఎవరికీ తెలీదని నీ కొడుకు ధైర్యంగా ఉన్నాడు. రాతి మీద పడినాక అడగకుండా ఉండరు. అప్పుడు నీ నోటికే వస్తాది. ఏం చెప్తావో చూసుకో.”

తిరుగు బస్సులో ఆమె అదే చూసుకుంది. చెబితే తిమోతికి మామగారి ముందు తలవంపులు. కొత్తింట్లో మొదటి రోజే కొడుకు ముఖం మాడ్చుకుంటే ఆ ఇల్లు ఏం ఇల్లు? చెప్పకపోతే, ఆ పిల్ల గరిటె పట్టుకుని దూరం నుంచి చూస్తుంది. చూసి ఏమీ అనదు. ఏమీ అనకుండా సాయంత్రం బస్సుకు పోతుంది.

శనివారం తెల్లవారేసరికి భ్రమరాంబిక రానే వచ్చింది. వస్తూనే చీర కుచ్చిళ్లు పైకి దోపి, ఇంటి పక్కన షామియానా కింద రాతి పొయ్యిల దగ్గర చేరింది. పప్పు చూసి, “ఇది పప్పా, పసుపు నీళ్లా? ఎవరప్పా పెట్టింది?” అని వంటవాళ్లను అదిలించింది. లూదియా రెండుసార్లు దగ్గరికి వెళ్లి నోరు తెరిచింది. రెండుసార్లూ ఆ పిల్లే అందుకుంది. “అమ్మా, పొగలో నిలబడొద్దు, దగ్గొస్తాది. పోయి ముందర కుర్చీలో కూర్చో. పండగ నీది.”

దొర్నిపాడు జీపు దిగింది. తిమోతి మామగారు మత్తయి తెల్ల పంచె, భుజాన కండువాతో వచ్చి, గోడలు అరచేత్తో తట్టి చూసి, ఫర్వాలేదన్నట్టు తలూపాడు. ఇంటికి సిమెంటూ ఇనుమూ అమ్మిన జయప్రకాష్ కూడా వచ్చాడు. మంచి ఒళ్లున్న మనిషి. వెంట తల్లి లక్ష్మీనరసమ్మ ఉంది. ఈ వీధి వైపు శెట్టెమ్మ రావడమే గొప్పని, ఆమెకు ఫ్యాను కింద కుర్చీ వేశారు.

పాస్టర్ అజయ్ కుమార్ కుర్రవాడు, హుషారైనవాడు. ప్రార్థన చేసి, గుమ్మం పక్క రాతి మీది గుడ్డ లాగాడు. కడిగిన నల్లరాయి ఎండకు తళతళలాడింది.

“ఈ ఇల్లు తిమోతి కట్టినాడు” అని పైకి చదివాడు. “తల్లి లూదియాకు, ఆమె తి... తిదెయ్మిలకు.” ఆగాడు. “ఏంది బ్రదర్ ఈ మాట?”

తిమోతి గొంతు సవరించుకున్నాడు. అతని కంటే ముందు మామ అందుకున్నాడు.

“వాక్యంలో మాట పాస్టరుగారూ. అల్లుడు నాకు చెప్పినాడు. హెబ్రీ భాష. ఆశీర్వాదాలు అని.”

“ఆమెన్” అన్నారు దొర్నిపాడువాళ్లు.

“నేను హెబ్రీ నేర్చుకున్నా పెద్దాయనా. నాకు యాడా తగల్లేదే” అన్నాడు పాస్టరు. అందరూ నవ్వారు. మత్తయి అల్లుడి వైపు తిరిగాడు. తిమోతి తల్లి వైపు చూశాడు. ఏమీ చెప్పొద్దమ్మా అనే చూపు.

షామియానా కింద భ్రమరాంబిక గరిటె చేత్తో పట్టుకుని, ముందున్నవాళ్ల తలల మీదుగా చూడటానికి మునివేళ్ల మీద లేచింది. కనిపించక, మళ్లీ మడమల మీదికి దిగిపోయింది.

అంతే. లూదియా లేచి నిలబడింది.

“హెబ్రీ గాదయ్యా. లుకియ మాట. పౌలు ఓడ ఆగిన లుకియ. ఆడ ఇంటోళ్ల పేర్లు రాతిమీద రాసేటప్పుడు బిడ్డలకు ఈ మాట పెట్టేటోళ్లంట.” కుర్చీ వీపు పట్టుకుంది. “తిదెయ్మి అంటే పాలు పట్టించుకున్న బిడ్డ. నా పాలు తాగినోళ్లకు ఈ ఇల్లు అని రాయించినా.”

మత్తయి చేతులు చాచాడు.

“అంటే తిమోతీ రూబెనూ. ఇద్దరు కొడుకులకు ఇంత పెద్ద మాటేమిటికి వదినా?”

“ఇద్దరు గాదన్నా. ముగ్గురు.” పొయ్యిల వైపు చెయ్యి చాపింది. “ఆ బిడ్డ గూడా.”

తలలన్నీ అటు తిరిగాయి. భ్రమరాంబిక గరిటె వెనక్కి దాచుకుంది, దొంగతనం చేసినట్టు. తిమోతి ముఖం కందిపోయింది. మత్తయి ఏదో అనబోయాడు.

“ముగ్గురు గాదు” అని గట్టిగా వినిపించింది.

ఫ్యాను కింద లక్ష్మీనరసమ్మ లేచి నిలబడి ఉంది. లూదియా ఆమె వైపే చూసింది. ఇంతమందిలో శెట్టెమ్మ తనను అబద్ధాలకోరని అంటుందా? ఆ సంగతి వార్డులో మొదలై వార్డులోనే మాసిపోయిందని కదా తాను అనుకున్నది!

“నలుగురు” అంది లక్ష్మీనరసమ్మ. “జయప్రకాషూ, లెయ్. పోయి ఆడ నిలబడు.”

“ఏందమ్మా?” అన్నాడు జయప్రకాష్ అయోమయంగా.

“ఏంది ఏంది? నాకు పాలు పడలా. నువ్వు ఆస్పత్రి పైకప్పు లేచేటట్టు ఏడుస్తాంటివి. మీ నాయన డబ్బా పాల కోసరం ఊరంతా తిరుగుతాండాడు. ఆయన వచ్చేలోపల నీ కడుపు నిండింది, నిద్రపోతివి. ఎవరికీ చెప్పొద్దని నేనే ఈమె చేత చేతిలో చెయ్యేయించుకుంటి. ఈమె ఈ పొద్దుకూ చెప్పలా. మీ నాయనకు గూడా తెలీదు. ఇప్పుడు నేనే చెప్తాండా. లెయ్యి!”

జయప్రకాష్ లేచాడు. ఎక్కడ నిలబడాలో తెలియక రూబెన్ పక్కన చేరాడు. రూబెన్ అతన్ని కిందికీ పైకీ చూసి, “ఓహో. నా కడుపు మాడ్చింది నువ్వేనా అన్నా? నిన్ను చూస్తే తెలుస్తాంది” అన్నాడు.

షామియానా అంతా నవ్వులతో ఊగింది. ఆ నవ్వుల్లోంచి వెనక వరసలో ఒక ముసలమ్మ, “అట్లయితే మా బుడ్డోని సంగతేంది లూదెమ్మా? వానికీ పట్టినావే!” అని అరిచింది. ఆ బుడ్డోడు మీసాలు మెలేసుకుంటూ సిగ్గుపడ్డాడు.

“ఇంకెవరన్నా ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా” అన్నాడు పాస్టరు. “గుమ్మం వెడల్పు చూసుకోవాల.”

మత్తయి కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. “నీకు ఇంత బలగముందని పెళ్లప్పుడు చెప్పకపోతివే అల్లుడా” అన్నాడు. అతని మీసాల కింద నవ్వు ఆగడం లేదు.

తిమోతి కుర్చీల మధ్యనుంచి నడిచి పొయ్యిల దగ్గరికి వెళ్లాడు. భ్రమరాంబిక చేతిలోంచి గరిటె తీసుకుని వంటవాడికిచ్చాడు.

“రా.”

“యాడికి?”

“గడప దాటేదానికి. నువ్వు లేకుండా ఎట్ల దాటేది?”

“నువ్వు పోన్నా. పప్పు అడుగంటుతాది.”

“అంటనీ. మా మామ తింటాడు లే.”

“చేతులు సూడు, ఎట్లుండాయో.”

“నేను స్తంభమెక్కి దిగినప్పుడు నా చేతులు నువ్వు సూడలేదా?” అని ఆ మసి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదల్లేదు. కొంచెం ఆగి, ఆమెకు మాత్రమే వినపడేటట్టు, “నేనే ముందు పిలిచిండాల చెల్లెలా” అన్నాడు.

ఆ పిల్ల ముక్కు ఎగబీల్చి, మోచేత్తో కళ్లు తుడుచుకుని, అతని వెంట నడిచింది. ఫ్యాను దాటుతుండగా లక్ష్మీనరసమ్మ ఆమె చెంప మీది మసి తన పట్టుకొంగుతో తుడిచింది.

గుమ్మం దగ్గర రద్దీ అయింది. తిమోతి కట్టించింది ఒంటి తలుపు గుమ్మం. రూబెన్ ఒక పక్కనుంచి, మీసాల బుడ్డోడు ఒక పక్కనుంచి తోసుకొస్తే, మధ్యలో జయప్రకాష్ ఇరుక్కున్నాడు.

“నేనమ్మిన సిమెంటు, నాకే తోవ ల్యా!” అన్నాడు.

“అడ్డం తిరుగన్నా, అడ్డం తిరుగు” అంది భ్రమరాంబిక, పొద్దున వంటవాళ్లను అదిలించిన గొంతుతోనే. “అందరూ కుడికాలే పెడ్తామంటే ఎట్ల? బేగా కానియ్యండప్పా, అన్నం వార్చాల!”

పాస్టరు పాట ఎత్తుకున్నాడు. భుజాలు భుజాలకు రాసుకుంటూ, నవ్వుకుంటూ, అందరూ ఒక్క తోపులో లోపలికి పడ్డారు.

లూదియా గుమ్మం బయటే ఉండిపోయింది. వాళ్ల వీపులు చూస్తోంది. ఏ తల్లి బిడ్డనెత్తుకుని వార్డు మెట్లు దిగినా వెనకనుంచి చూసిన కళ్లు అవి. తనకు తెలియకుండానే ఆమె కుడిచెయ్యి పైకి లేచి, మెల్లగా ఊగుతోంది.

లోపలినుంచి భ్రమరాంబిక తొంగిచూసింది.

“ఏందమ్మా, ఎవరికి టాటా చెప్తాండావ్?” అని ఆ చేతిని పట్టుకుని లోపలికి గుంజింది. “అందరం ఈడనే ఉండాం గదా. రా.”